బరలాచా దారిలో పసుపు దీపం

ఆగస్టు మాసం. మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్ లోయ పైకొసన, జింగ్‌జింగ్‌బార్ అనే మజిలీ సమీపాన, లేహ్ వెళ్ళే రహదారికి అడ్డంగా ఒక వాగు పారుతున్నది. తెల్లవారుజామున వచ్చినవారికి అది చీలమండ లోతు మించదు. ఎండ ముదిరిన కొద్దీ పైనున్న మంచు కరుగుతుంది. మధ్యాహ్నానికి ఆ వాగే రాళ్ళను దొర్లించుకొంటూ ఉరుకుతుంది. ఈ దారి ఎరిగిన లారీ డ్రైవర్లు అందుకే పొద్దెక్కకముందే వాగులన్నిటినీ దాటుకొంటారు.

చండీగఢ్ నుండి వచ్చిన ఒక చిన్న పెట్రోలు కారు ఆ వేళకు వాగు ఒడ్డున నిలిచింది. నడుపుతున్నది నలభై అయిదేళ్ళ బ్యాంకు ఉద్యోగి. పక్క సీటులో డెబ్బయ్యవ పడిలో అడుగుపెట్టిన తండ్రి. ఆయన రైల్వేలో ఇంజన్ డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. వెనుక సీటులో ఉద్యోగి భార్య. ముందు లారీ దాటిన జాడ చూచుకొని, కారు మెల్లగా నీటిలోకి దిగింది. నడుమకు వచ్చేసరికి ఒక గుంట తగిలి, బానెట్ మీదికి కెరటంలా నీరు ఎగసింది. అయినా ఆగకుండా అవతలి గట్టెక్కింది.

ఒక ఫర్లాంగు దూరం పోయారో లేదో, కారు గుర్రం తడబడినట్లు తడబడసాగింది. స్టీరింగ్ వెనుక పలకలో, ఇంజన్ ఆకారంలో ఉన్న పసుపు దీపం మిణుకుమిణుకుమని కొట్టుకోసాగింది.

“ఆపు బేటా! ఒకటి మిస్సవుతోంది” అన్నారు పెద్దాయన.

నాలుగు సిలిండర్లలో ఒకటి పేలడం లేదని ఆయన చెవి చెప్పింది. ఏది పేలడం లేదో ఆ చెవి చెప్పలేదు. కొడుకు జేబులోని ఫోన్ చెప్పగలదు.

నాలుగు వందల కిలోమీటర్ల మేడ మెట్లు

మనాలీ నుండి లేహ్‌కు పోయే మార్గం నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. దీనిని కాపాడుతున్నది 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ. శీతకాలంలో మంచు దీనిని మూసివేస్తుంది. వేసవిలో ఆ మంచును కోసి మళ్ళీ తెరుస్తారు. ఒకప్పుడు ఈ ప్రయాణంలో తొలి పరీక్ష రోహ్‌తాంగ్ కనుమ. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభమైనప్పటి నుండి ఆ పరీక్ష ఐచ్ఛికమైనది. మూడువేల మీటర్లకు పైబడిన ఎత్తున 9.02 కిలోమీటర్ల పొడవున కొండను తొలిచిన ఈ సొరంగం, దూరాన్ని 46 కిలోమీటర్లు తగ్గించింది.

సొరంగం దాటగానే పచ్చని దేవదారు వనాలు వెనుకబడతాయి. చంద్రానది వెంట తాండీ చేరితే, అక్కడ భాగానది వచ్చి కలుస్తుంది. ఈ రెండూ బరలాచా కనుమ పరిసరాలలోనే పుట్టి, కొండకు చెరొకవైపు పారి, ఇక్కడ ఒకటై చంద్రభాగ అవుతాయి. చంద్రుని కుమార్తె, సూర్యుని కుమారుడు ప్రేమించుకొని, కొండ చుట్టివచ్చి కలిసికొన్నారని స్థానికుల గాథ. దిగువన ఈ నదినే చీనాబ్ అంటారు. తరువాతి పెట్రోలు బంకు 365 కిలోమీటర్ల దూరాన ఉన్నదని హెచ్చరించిన తాండీ బోర్డు ఈ దారి యాత్రికులలో చిరకాలంగా ప్రసిద్ధం.

లాహౌల్-స్పితి జిల్లా కేంద్రమైన కేలాంగ్, జిస్పా, దార్చా వరకు ఊళ్ళు, బఠాణీ చేలు కనబడతాయి. దార్చా దాటిన తరువాత చెట్టన్నది లేదు, సెల్‌ఫోన్ సంకేతం మీద నమ్మకం లేదు. అక్కడి నుండి దారి మేడ మెట్లెక్కినట్లు ఎక్కుతుంది. జింగ్‌జింగ్‌బార్ సుమారు 4,270 మీటర్లు. బరలాచా 4,890. లాచుంగ్‌లా 5,060. చివరిదైన తంగ్‌లంగ్‌లా 5,300 మీటర్లకు పైమాట. ఇవన్నీ దాటి, సింధునది ఒడ్డున ఉప్షీలో దిగితే గాని ప్రయాణికుడు నిండుగా ఊపిరి పీల్చలేడు.

ఊపిరి పీల్చలేనిది అతడు మాత్రమే కాదు. కారు కూడా గాలి పీల్చే ప్రాణి వంటిదే. సముద్ర తీరాన గాలి పీడనం సుమారు 101 కిలోపాస్కళ్ళు. తంగ్‌లంగ్‌లా మీద అది 53 ప్రాంతానికి పడిపోతుంది. అంటే ప్రతి శ్వాసలోను, సిలిండర్ లాగే ప్రతి గుక్కలోను, ప్రాణవాయువు దాదాపు సగమే. టర్బో లేని పెట్రోలు కారు బలం కూడా ఆ మేరకు సన్నగిల్లుతుంది. కనుమ ఎక్కుతూ రెండవ గేరులో మూలిగే కార్లలో చాలావాటికి వేరే జబ్బేమీ ఉండదు. వాటికి గాలి చాలదు, అంతే.

గాలి కోసం పుట్టిన రంధ్రం

కొడుకు కారును రోడ్డు వారగా, వంపుకు దూరంగా నిలిపి, ఇంజన్ ఆపాడు. స్టీరింగ్ కింద, మోకాళ్ళకు ఎదురుగా, పదహారు కాళ్ళ ప్లగ్గు పట్టే ఒక రంధ్రం ఉంటుంది. చాలామంది యజమానులు అది ఉన్నదనే ఎరుగరు. అందులో అగ్గిపెట్టెను మించని ఒక అడాప్టర్ గుచ్చి, తాళం తిప్పి, ఫోన్‌లో యాప్ తెరిచాడు. అడాప్టర్‌కు ఫోన్‌తో బ్లూటూత్ ద్వారా మాటలు కలుస్తాయి. ఆ సంభాషణకు ఇంటర్నెట్ అక్కరలేదు, టవరు అక్కరలేదు. దార్చా దాటిన తరువాత ఫోన్‌తో చేయదగిన ఉపయోగకరమైన పనులలో ఇదొకటి.

ఆ రంధ్రానికి ఒక కథ ఉన్నది. అది డ్రైవర్ల సౌకర్యం కోసం పుట్టలేదు. కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని కార్ల పొగ దశాబ్దాల తరబడి ఉక్కిరిబిక్కిరి చేసింది. పొగను అదుపుచేసే భాగాలు చెడిపోతే ఆ సంగతి కారే చెప్పాలని ఆ రాష్ట్రపు వాయు వనరుల మండలి పట్టుబట్టింది. 1988 మోడళ్ళతో అక్కడ తొలి నిబంధన వచ్చింది. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క భాష మాట్లాడితే మెకానిక్కుకు కష్టమని, అందరికీ ఒకే ఆకారపు రంధ్రం, ఒకే సంకేత లిపి నిర్ణయించారు. 1996 నుండి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఆ ఏర్పాటు తప్పనిసరి అయినది. దానినే ఓబీడీ-2 అంటారు. భారతదేశంలో ఓబీడీ మొదటి దశ 2010 ఏప్రిల్‌లోను, రెండవ దశ 2013 ఏప్రిల్‌లోను అమలుకు వచ్చాయి. కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఈ భాషలను తర్జుమా చేసే ఒక చిన్న చిప్‌ను రూపొందించింది. దానిని అనుకరించినవి బజారులో కొల్లలుగా రావడంతో, ఒకప్పుడు పెద్ద వర్క్‌షాపులకే పరిమితమైన విద్య కొన్ని వందల రూపాయలకు సామాన్యుని చేతికి వచ్చింది.

ఫోన్ తెర మీద ఒక సంకేతం వెలిగింది: పి 0302.

‘పి’ అంటే ఇంజన్, గేరుబాక్సులకు సంబంధించినది. తరువాతి సున్న, ఇది అన్ని కంపెనీలకు ఉమ్మడి సంకేతమని తెలుపుతుంది. 03 అంటే నిప్పు రవ్వ, పేలుడు వ్యవహారం. చివరి 02, రెండవ సిలిండర్. రెండవ సిలిండర్‌లో పెట్రోలు మండడం లేదని భావం. దాని కిందనే, దోషం పుట్టిన క్షణాన ఇంజన్ ఏ స్థితిలో ఉన్నదో పటం కట్టినట్లు నమోదై ఉన్నది. నీటి వేడి 88 డిగ్రీలు, వేగం గంటకు 14 కిలోమీటర్లు. ఇంజన్ కాగిపోలేదన్నమాట. భార్య అదంతా ఒక నోటు పుస్తకంలో వ్రాసికొన్నది. ఇది చిన్న పనిగా కనబడుతుంది. కాని సంకేతాన్ని చెరిపివేస్తే ఆ నమోదు కూడా చెరిగిపోతుంది. తొందరపడి చెరిపినవాడు వైద్యుని వద్దకు పోయేముందు జ్వరపు చీటీ చింపివేసినవాడే.

రోగమా, రోగ లక్షణమా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. సంకేతం చెప్పేది లక్షణాన్ని, కారణాన్ని కాదు. రెండవ సిలిండర్ మండకపోవడానికి స్పార్క్ ప్లగ్ కారణం కావచ్చు, దానికి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు. ఫోన్ మాట పట్టుకొని అన్నీ మార్చివేస్తే జేబు ఖాళీ అవుతుంది. దోషం మాత్రం ఉండిపోవచ్చు.

అదే సమయానికి ఎదురుగా లేహ్ వైపునుండి దిగివస్తున్న ఒక టాక్సీ ఆగింది. ఈ దారిలో ఆగిన బండిని చూచి ఆగకుండా పోవడం ఆచారం కాదు. టాక్సీ డ్రైవరు లాహౌల్ మనిషి. ఫోన్ చూచి, నవ్వి, “భాయీ సాబ్, రెండవ కాయిల్‌ను మూడవదానితో మార్చి చూడండి. జబ్బు ఎటు పోతే, తప్పు దానిదే” అన్నాడు.

ఇంజన్ కొంత చల్లబడనిచ్చి, పది నంబరు పానాతో రెండు కాయిళ్ళను విప్పారు. రెండవదాని రబ్బరు తొడుగు తడిసి ఉన్నది. తుడిచి, తారుమారు చేసి బిగించి, వ్రాసికొన్న సంకేతాన్ని చెరిపి, ఇంజన్ మొదలుపెట్టారు. మళ్ళీ అదే కుదుపు. ఫోన్ ఈసారి పి 0303 చూపింది. జబ్బు కాయిల్‌తో పాటు మూడవ సిలిండర్‌కు నడిచిపోయింది. తప్పు కాయిల్‌దేనని నిశ్చయమైనది. ఆ నిర్ణయానికి పట్టినది అరగంట. చెవి, ఫోన్, పానా మూడూ కలిస్తేనే అది సాధ్యమైనది.

అదనపు కాయిల్ వారి వద్ద లేదు. ఇప్పుడు ప్రశ్న ఒక్కటే. ముందుకా, వెనుకకా?

ముందుకు పోతే బరలాచా దాటి సర్చూ. అక్కడ గుడారంలో పడక ముందే కుదిరి ఉన్నది. మూడు సిలిండర్లతోనైనా కారు పాకుతుందని కొడుకు ఆశ. కాని మిణుకుమిణుకుమనే దీపానికి, నిలకడగా వెలిగే దీపానికి భేదం ఉన్నది. నిలకడగా వెలిగితే వీలైనంత త్వరలో చూపించుకొమ్మని అర్థం. మిణుకుమంటే ఇప్పుడే హాని జరుగుతున్నదని అర్థం. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దానిని మాడ్చివేస్తుంది. అది ఎంతో ఖరీదైన భాగం. పైగా సగం గాలితో, మూడు సిలిండర్లతో, కనుమ ఎక్కడమంటే ఏదో ఒక మలుపులో నిలిచిపోవడానికి సిద్ధపడడమే.

“కాసేపు ఎండలో ఆరనిద్దాం. వచ్చినదారిన పోవడమెందుకు?” అన్నారు పెద్దాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కణతలు నొక్కుకొంటున్నారు.

కోడలు అది గమనించింది. “పాపాజీ, ఒకసారి వేలు చూపండి” అని ఆక్సిమీటర్ తగిలించింది. చలికి వేళ్ళు బిగిసి ఉంటే ఆ యంత్రం తప్పు చెబుతుంది కాబట్టి, అరచేతులు రుద్ది వెచ్చబరచి మళ్ళీ పెట్టింది. 79. ఉదయం నుండి తలనొప్పిగా ఉన్నదనీ, భోజనం సయించలేదనీ అప్పుడు గాని ఆయన ఒప్పుకోలేదు. ప్రయాణం చెడుతుందని దాచిపెట్టారట!

ఇంజన్‌కు చట్టం ఒక దీపాన్ని అమర్చింది. అది దాచలేదు. మనిషికి అటువంటి దీపం లేదు.

ఎత్తయిన ప్రదేశాల వైద్యం తెలిసినవారు చెప్పే నియమం సుపరిచితమే. మూడువేల మీటర్లు దాటిన తరువాత, నిద్రపోయే ఎత్తును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచరాదు. తలనొప్పి, వికారం కనబడితే ఇంకా పైకి పోరాదు. అవి ముదిరితే వెంటనే దిగాలి. ఈ కుటుంబం క్రితం రాత్రి నిద్రించినది మనాలీలో, సుమారు రెండువేల మీటర్ల ఎత్తున. ఆ రాత్రి పడక సర్చూలో, 4,290 మీటర్ల వద్ద. ఒక్క పగటిలో రెండువేల రెండు వందల మీటర్లు! ఎంతోమంది యాత్రికులు చేసే పొరపాటే ఇది.

“బాబూజీ, కొండ ఎక్కడికీ పోదు. ఈ రాత్రి కేలాంగ్‌లో పడుకోండి” అన్నాడు టాక్సీ డ్రైవరు.

మాటల మధ్యనే అతడు బానెట్ కిందికి వంగి, మూడవ సిలిండర్ ఇంజెక్టర్ తీగ ఊడదీశాడు. ఇక ఆ సిలిండర్‌లోకి పెట్రోలు పోదు, కన్వర్టర్ మాడదు. ఈ ఉపాయం ఏ యాప్‌లోను లేదు.

కేలాంగ్‌లో ఒక పగలు

కారు టాక్సీ వెనుక మెల్లగా దిగింది. వాలు దారి కాబట్టి ఇంజన్‌కు పని తక్కువ. వాగును ఈసారి టాక్సీ ముందు దాటి లోతు చూపింది. చీకటి పడే వేళకు కేలాంగ్ చేరారు. అది సుమారు 3,080 మీటర్ల ఎత్తు. వేడి పప్పు, రొట్టె తిని పడుకొన్న పెద్దాయన తలనొప్పి తెల్లవారేసరికి చాలావరకు దిగిపోయింది. వేలి యంత్రం 89 చూపింది.

ఊరిలోని మెకానిక్కు కాయిల్‌ను వెలుతురులో తిప్పి చూచి, రబ్బరు తొడుగు మీద వెంట్రుక వంటి పగులు చూపించాడు. ఆ పగులులోకి చేరిన తేమ నిప్పు రవ్వను దారి మళ్ళించింది. కొత్త కాయిల్ మనాలీ నుండి రావాలి. సొరంగం లేని రోజులలో ఆ మాటకు అర్థం రోహ్‌తాంగ్ ఎక్కి దిగడం, ఒకటి రెండు రోజులు ఎదురుచూడడం. ఇప్పుడు ఉదయం ఫోన్ చేస్తే సాయంత్రం బస్సులో వచ్చింది.

ఎదురుచూపుల నడుమ కొడుకు మెకానిక్కును అడిగాడు: “ఉస్తాద్‌జీ, ఈ ఫోన్ యంత్రాల వల్ల మీ పని తగ్గిందా?”

“తగ్గలేదు. మాట సులువైనది. ఇదివరకు ‘ఏదో చప్పుడు’ అని తెచ్చేవారు. ఇప్పుడు నంబరు తెస్తున్నారు. కాని ఆ నంబరే జబ్బు అనుకొనేవారితోనే తంటా” అని అతని సమాధానం.

అతడు చెప్పిన జాగ్రత్తలు ఈ పరికరం వాడే ప్రతివారికీ పనికివస్తాయి. ఆ రంధ్రానికి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. కారు రోజుల తరబడి నిలిపినప్పుడు అడాప్టర్‌ను అక్కడే వదిలితే బ్యాటరీ హరించుకుపోవచ్చు. చవక అడాప్టర్లలో బ్లూటూత్ తాళానికి బలం లేదు, కాబట్టి పని కాగానే తీసివేయడమే మేలు. బండి నడుపుతూ తెర వైపు చూడరాదు. చూడవలసివస్తే పక్కనున్నవారు చూడాలి. ఐఫోన్ ఉన్నవారు తమ ఫోన్‌తో పొసగే అడాప్టర్ అవునో కాదో ముందుగా అడిగి కొనాలి. అన్నిటికంటె ముఖ్యం, బ్రేకు లైనింగ్ అరిగినా, టైరు పగులు బారినా, క్లచ్చి ప్లేటు కాలినా ఈ యంత్రం సాధారణంగా నోరు మెదపదు. వాటికి కన్ను, చెవి, ముక్కు కావాలి.

మరల కనుమ వైపు

మూడవనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరారు. జింగ్‌జింగ్‌బార్ వాగు అప్పుడు రాళ్ళ నడుమ పిల్లకాలువ. బరలాచా సమీపాన సూరజ్‌తాల్ సరస్సు నీలంగా, నిశ్చలంగా పడి ఉన్నది. అదే భాగానది పుట్టిల్లు. సర్చూ వద్ద హిమాచల్ ముగిసి లదాఖ్ మొదలవుతుంది. ఆ తరువాత గాటా లూప్స్, ఇరవై ఒక్క మలుపులు. ఒక మలుపు వద్ద నీళ్ళ సీసాలు గుట్టగా పడి ఉంటాయి. ఎప్పుడో అక్కడ దాహంతో ప్రాణం విడిచినవాని ఆత్మకు బాటసారులు సమర్పించే నీళ్ళవి. సాయం అందక ఆగిపోయిన బండి కథే దాని మూలమని చెప్పుకొంటారు. మొన్న ముందుకే పోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. కోడలు మాత్రం దిగి ఒక సీసా ఉంచి వచ్చింది.

లాచుంగ్‌లా దాటి, పాంగ్‌లో టీ త్రాగి, మోరే మైదానం మీదుగా సాగారు. నలభై కిలోమీటర్లకు పైగా బల్లపరుపుగా పరచుకొన్న ఆ మైదానాన దారి ఒక గీత గీసినట్లుంటుంది. పెద్దాయనకు పాంగ్‌లో కొంచెం తల బరువెక్కింది. ఈసారి ఆయన దాచలేదు. అడగకుండానే వేలు చాచారు. 83. ఆగి, నీళ్ళు త్రాగి, నిమ్మళించిన తరువాతనే కదిలారు. ఆ రాత్రి పడక లేహ్‌లో, సుమారు 3,500 మీటర్ల వద్ద. ఎక్కిన ఎత్తులో నిద్రించకుండా దిగిపోతారన్నదే వారి ధైర్యం.

సాయంకాలపు ఎండలో తంగ్‌లంగ్‌లా శిఖరం చేరారు. ప్రార్థనా పతాకాలు గాలికి టపటపలాడుతున్నాయి. ఆ ఎత్తున నీరు 83 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటర్ మూత బిగువుగా ఉండబట్టే ఇంజన్ నీరు మరగకుండా నిలుస్తుంది. కొడుకు ఇంజన్ ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచి, యాప్‌లో గాలి పీడనం చూపే గడి తెరిచాడు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు లోపలి సెన్సర్ చూపేది బయటి గాలి పీడనాన్నే.

53.

చండీగఢ్‌లో బయలుదేరిన ఉదయం అదే గడిలో 97 ఉన్నది. ఎక్కడో ఒక నగరం తన గాలిని కాపాడుకోవడానికి కల్పించిన ఆ చిన్న రంధ్రం, గాలే అరుదైన ఈ కనుమ మీద, గాలి ఎంత మిగిలి ఉన్నదో లెక్క చెబుతున్నది.

పెద్దాయన కాసేపు బానెట్ మీద చెయ్యి ఆనించి, ఏదో వింటున్నట్లు నిలబడ్డారు. ఆగిన ఇంజన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమంటున్నది.

“ఏమంటోంది నీ యంత్రం?” అని అడిగారు.

“ఏమీ అనడం లేదు, పాపాజీ. దీపం వెలగలేదు. మీరెలా ఉన్నారు?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఉన్నదున్నట్లు చెప్పారు: “కొంచెం ఆయాసంగా ఉంది. దిగిపోదాం.”

కారు ఉప్షీ వైపు, సింధునది వైపు, దిగసాగింది.